చెరువు కింది జాగా, సముద్రం పక్కన ఇల్లు

మా నల్లగొండలో గుట్టలున్నాయి, బత్తాయి తోటలున్నాయి, సముద్రం ఒక్కటే లేదు. అయినా నా ఉద్యోగంలో రెండో సగమంతా మనుషుల్ని సముద్రపు ఒడ్డుకు పంపడంతోనే గడిచింది. మా అత్తగారు పోయేదాకా నేను ఓడల కంపెనీలో పనిచేస్తున్నానని ఊరంతా చెప్పుకుంది. నేనూ కాదనలేదు. ఆవిడకు నా మీద ఉన్న గౌరవం అదొక్కటే.

ఈమధ్య పని మానేసి ఇంట్లో కూర్చున్నాక కొందరు పిల్లలు ఫోన్ చేశారు. "మేడం, మేం గూడ రిటైరైనోళ్లను బయట దేశాలల్ల కుదిర్చే ఆఫీసు పెడుతున్నం. ఏమన్న జర చెప్పుండ్రి" అని. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారని ఇది రాస్తున్నాను. వీసా కాగితాల సంగతి ఇందులో ఉండదు. అవి పూటకో తీరుగా మారతాయి, మీకే నాకంటే బాగా తెలుసు.

అసలు పని

బస్టాండు పక్క సందులో, మేడ మీద, మాది చిన్న ట్రావెల్స్ ఆఫీసు. మొదట్లో అంతా దుబాయి, మస్కట్ టికెట్లే. తెలంగాణ రాష్ట్రం వచ్చాక మెల్లగా వేరే రకం మనుషులు మెట్లెక్కడం మొదలైంది. ఒక హెడ్మాస్టరు, ఒక ఆర్టీసీ కండక్టరు, ఒక నర్సమ్మ. అందరిదీ ఒకటే మాట. పింఛన్ ఇంత వస్తుంది, ఇంకెక్కువ రాదు, సముద్రం పక్కన ఎక్కడన్నా చల్లగా బతకొచ్చా అని. డబ్బున్నవాళ్లు మా మెట్లెక్కరు. వాళ్లకు హైదరాబాదులో ఏసీ ఆఫీసులున్నాయి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు పరదేశంలో ఇల్లు కిరాయికి తీసుకుని చూడు అనడం మరిచిపోయారు. అదే మా పని. ఇల్లు చూడాలి, దవాఖాన ఎంత దూరమో నడిచి చూడాలి, కూరగాయలమ్మే మనిషితో బేరమాడి చూడాలి. అన్నిటికంటే కష్టం మొగుడూ పెళ్లాల మధ్య తగువు. మొగుడు సముద్రం గురించి అడుగుతాడు, భార్య బియ్యం గురించి అడుగుతుంది. జవాబు ముందు ఆమెకు చెప్పండి. ఆమె ఒప్పుకోని సముద్రం పక్కన ఏ మొగుడూ ఏడాది నిండా ఉండలేదు.

గౌస్ భాయ్

మా యజమాని గౌస్ భాయ్. వయసులో ఉన్నప్పుడు మస్కట్‌లో లారీ నడిపి, ఆ సంపాదనతో ఈ ఆఫీసు పెట్టాడు. కోపం ముక్కు మీదే ఉండేది. చాయ్ చల్లారినా కోపమే, గిరాకీ లేకపోయినా కోపమే. కుర్చీలో కూర్చున్న మనిషిని బేరం కుదరకుండా లేవనిచ్చేవాడు కాదు. "సుజాతమ్మా, లేశినోడు మల్ల రాడు" అనేవాడు. మేమిద్దరం పోట్లాడని వారం లేదు. కింద చెప్పుల దుకాణం ఆయన మా అరుపులు విని గోడ మీద తట్టేవాడు.

అయితే ఈ పనికి సంబంధించిన పెద్ద మాట నాకు చెప్పింది కూడా ఆయనే. "గల్ఫ్‌కు పోయెటోడు పనికి పోతడు, పని అయినంక వాపస్ వస్తడు. ఈ పింఛనోళ్లు గట్ల కాదు. బతకనీకి పోతున్నరు. వాళ్లకు నువ్వు ఇల్లు ఇచ్చుడు కాదమ్మా, పక్కింటోళ్లను ఇయ్యాలె." ఈ మాట గోడ మీద రాసుకోండి. యజమాని మంచివాడా, చెడ్డవాడా అని కొత్తలో అందరూ అడుగుతారు. నా అనుభవంలో తిడుతూ నేర్పేవాడు, నవ్వుతూ దాచేవాడికంటే వెయ్యి రెట్లు నయం.

పప్పు ఉడికిందా?

మా జిల్లా ఫ్లోరైడు నీళ్ల సంగతి లోకానికంతా తెలుసు. పళ్లకు పచ్చ మరకలు, వంగిపోయిన కాళ్లు మా చిన్నప్పుడు ప్రతి వాడలో ఉండేవి. పిల్లను ఏ ఊరికిచ్చినా మా అవ్వ ముందడిగే ప్రశ్న ఒకటే. "ఆ ఊరి నీళ్లల్ల పప్పు ఉడుకుతదా?" ఉడకని నీళ్లు ఒంటికి పడవు. నేనూ ఆ పద్ధతినే పట్టుకుని సముద్రాలు దాటాను.

శ్రీలంక తూర్పు తీరంలో హెడ్మాస్టరు గారికి ఇల్లు చూస్తున్నప్పుడు జరిగింది ఇది. ఇల్లు అద్దంలా ఉంది. అరుగు మీద కూర్చుంటే అలలు కనిపిస్తాయి. హెడ్మాస్టరు గారు అప్పటికే ఆ అరుగు మీద పడక్కుర్చీ ఎక్కడ వేయాలో చూసుకుంటున్నారు. నేను మాత్రం సందు చివరి దుకాణంలో గుప్పెడు కందిపప్పు కొని, ఆ ఇంటి బావి నీళ్లు పోసి, ఆ ఇంటి పొయ్యి మీదే పెట్టాను. ఎంతసేపు ఉడికినా పప్పు పలుకు పలుకుగానే ఉంది. ఇంటాయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్లు చూశాడు.

"పప్పు కోసం సముద్రాన్ని వదులుకొమ్మంటవా అమ్మా?" అని హెడ్మాస్టరు గారు మండిపడ్డారు.

"సముద్రం రోజూ చూడొచ్చు సార్, పప్పు రోజూ తినాలె" అన్నాను. రెండు వీధులు లోపలికి పోతే ఇంకో ఇల్లు, ఇంకో బావి. అక్కడ పప్పు మెత్తగా ఉడికింది. ఆయన ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నారు. సాయంత్రం చేతికర్ర ఊపుకుంటూ నడిచిపోయి సముద్రాన్ని చూసి వస్తారు.

మల్లయ్య వచ్చిన రోజు

ఇన్నేళ్లలో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది మల్లయ్య, యాదమ్మల సంగతి. మల్లయ్యది నకిరేకల్ దగ్గర గొర్లు కాసుకునే కురుమ కుటుంబం. వయసులో కొన్నాళ్లు గల్ఫ్‌లో ఓడరేవు దగ్గర కూలి చేశాడు. తర్వాత మేళ్లచెరువు దిక్కున ఒక సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే దగ్గర చేరి అక్కడే రిటైరయ్యాడు, ఆ ఫ్యాక్టరీ పక్క వాడలోనే కాపురం. మధ్యలో బీడీలు కట్టలకు కట్టలు. మా మేడ మెట్లు ఎక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాక చాలాసేపు ఆయన నోటి నుంచి మాట రాలేదు. గుండెల మీద చెయ్యి పెట్టుకుని ఈల వేసినట్లు ఊపిరి తీస్తున్నాడు.

"డాక్టరు సాబ్ చెప్పిండు అక్కా" అని యాదమ్మే మొదలుపెట్టింది. "గీ దుమ్ములనే ఉంటే ఎన్నో దినాలు ఉండడట. మంచి గాలున్న తావుకు తీస్కపో, బీడీ మాన్పియ్యి, పానం నిలబడ్తదన్నడు. గల్ఫ్‌ల సముద్రం పక్కన ఉన్నప్పుడే హాయిగ నిద్ర పట్టిందని గీయన ఎప్పుడు జూసిన అదే ముచ్చట."

"మరి విశాఖపట్నం పోవచ్చు గదనే?" అని గౌస్ భాయ్ అడిగాడు.

మల్లయ్య ఊపిరి కూడదీసుకున్నాడు. "అడిగి చూసిన భాయ్. ఒడ్డు పక్కన కిరాయికే... పింఛన్ మొత్తం పోతది. ఇంకోటి... ఆడికి పోతే మాట మాటకు తెలంగాణోడు అంటరు. లంకకు పోతే... ఇండియా పెద్దమనిషి అంటరు." అంత ఆయాసంలోనూ నవ్వాడు. ఆ నవ్వుతో నాకు ఆయన మీద అభిమానం కలిగింది. ఎలాగైనా ఈ మనిషిని బతికించాలి అనుకున్నాను. మా పనిలో అలా అనుకోకూడదంటారు. అనుకోనివాళ్లు ఈ పనికి రాకండి.

లంకే ఎందుకంటే, గల్ఫ్‌లో ఆయనతో ఒకే గదిలో ఉన్న సెల్వం అనే జాలరి సొంతూరు ఆ తూర్పు తీరంలోనే ఉంది. ఇద్దరూ గల్ఫ్‌లో నేర్చుకున్న హిందీలో ఇప్పటికీ ఫోన్లో మాట్లాడుకుంటారు. ఆ రోజుల్లో అక్కడ కిరాయిలు మన నల్లగొండకంటే తక్కువే ఉన్నాయి. శ్రావణమాసంలో నేనే వాళ్లిద్దరినీ వెంటబెట్టుకుని వెళ్లాను.

రెండు ఇళ్లు

సెల్వం రెండు ఇళ్లు చూపించాడు. ఒకటి జాలరుల వాడలో, ఇసుక మిట్ట మీద. చెట్టూ నీడా లేదు, పక్కనే ఎండుచేపలు ఆరబెట్టారు, వాసన మామూలుగా లేదు. రెండోది పల్లంలో, సముద్రపు నీళ్లు లోపలికి వచ్చి నిలిచిన పెద్ద మడుగు ఒడ్డున. చుట్టూ కొబ్బరి చెట్లు, పచ్చగడ్డి, తియ్యటి నీళ్ల బావి. పప్పు మాత్రం రెండు చోట్లా ఉడికింది.

మల్లయ్య పల్లంలో ఇల్లు చూడగానే అక్కడే కూలబడ్డాడు. "చెరువు కింది జాగ మేడం ఇది! మా ఊర్ల గిసుంటి జాగ ఉన్నోడే ఆసామి. మా నాయిన గొర్రెలు కాసుకుంట బతుకంత చెరువు కింద ఒక్క మడి కోసం చూసి చూసి పోయిండు."

నా మనసు కూడా అటే లాగింది. మేం మెట్ట ప్రాంతం మనుషులం. మా కళ్లకు పల్లం అంటే పంట, మిట్ట అంటే కరువు. చెరువు కింది భూమికి, మెట్ట చెలకకు మా దగ్గర ధరలోనే కాదు, పెళ్లి సంబంధాల్లో కూడా తేడా ఉంటుంది.

అయితే ఒకటి నచ్చలేదు. అంత చక్కని జాగాలో ఆ ఒక్క ఇల్లే ఉంది, అదీ ఖాళీగా పడి ఉంది. ఊరంతా పోయి ఆ ఇసుక మిట్ట మీద ఇరుక్కుని బతుకుతోంది. సెల్వాన్ని పక్కకు పిలిచి అడిగితే దాచకుండా చెప్పాడు. కార్తీకం దాటాక అక్కడ వానలు మొదలవుతాయి, మడుగు పొంగుతుంది, నీళ్లు గడప దాకా వస్తాయి అని.

నేను ఆ మాటను ఉన్నదున్నట్టు మల్లయ్యకు చెప్పాను. ఆయన భయపడాల్సింది పోయి పొంగిపోయాడు. "గడప దాక నీళ్లొస్తయా? వింటున్నవానే యాదమ్మా? మనం బిందెలు పట్టుకోని బోరింగు కాడ కొట్లాడుకుంటిమి. ఈడ నీళ్లే మన ఇంటికి నడుసుకుంట వస్తయట!" యాదమ్మ ముఖం కూడా వెలిగిపోయింది. నీళ్లు ఎక్కువై మనిషి చెడిపోతాడని చెబితే నమ్మేవాళ్లు మా వైపు ఎవరున్నారు? ఇంకో తప్పయితే ఎవరైనా చేస్తారు. ఈ తప్పు మాత్రం మావాళ్లే చేయగలరు.

మూడేళ్ల కిరాయి ముందే ఇస్తే చాలా తగ్గిస్తానన్నాడు ఇంటి యజమాని. మల్లయ్యకు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డబ్బంతా దాదాపు అక్కడికి సరిపోతుంది. గౌస్ భాయ్‌కు ఫోన్ చేస్తే "ఇంకేం ఆలోచన? ఇప్పిచ్చెయ్" అన్నాడు.

"ఇప్పియ్య భాయ్" అన్నాను. "ఆడ వాన పడ్డప్పుడు ఎట్లుంటదో చూడకుంట ఒక్క పైస ముందు ఇప్పియ్య. నెలకింత కట్టుకుంట ఉంటే ఉండనీ."

"బేరం చెడగొడుతున్నవ్ సుజాతమ్మా!"

"చెడితే నా జీతంల పట్టుకో."

ఫోన్ పెట్టేసి తిరిగేసరికి మల్లయ్య నిప్పులు కక్కుతున్నాడు. "పైసలు నావి... ఊపిరి నాది. నడుమ నువ్వెవరు మేడం?" అన్నాడు. అంత మాట అనడానికి నాలుగుసార్లు ఆగాడు. నాకూ కోపం వచ్చింది.

"ఊపిరి నీదే అన్నా. అది బాగయ్యేదాక పైసలు నీ సంచిలనే ఉండాలె. ఆ ఇల్లు వద్దంటలేను. ఉండు, సూడు. నచ్చితే అప్పుడు మూడేళ్లకు గాదు, ముప్పై ఏళ్లకు కట్టు."

యాదమ్మ డబ్బు సంచీ మొగుడి చేతిలోంచి తీసుకుని తన రొండిన దోపుకుంది. అక్కడితో తగువు తెగిపోయింది. ఖాళీగా పడి ఉన్న ఇల్లు కాబట్టి యజమాని గొణుగుతూనే నెల నెలా కిరాయికి ఒప్పుకున్నాడు.

వాన

మొదటి నెలలు బ్రహ్మాండంగా గడిచాయి. మల్లయ్య బీడీ మానేశాడు. మానేశాడంటే, యాదమ్మ మాన్పించింది. ఊళ్లో బీడీ అమ్మే దుకాణాలన్నిటికీ వెళ్లి సైగలతోనే యుద్ధం చేసి వచ్చిందట. అక్కడి దవాఖానలో పీల్చే మందు ఇచ్చారు. రాత్రంతా నిద్ర పడుతోందని, మడుగు గట్టు మీద నడుస్తున్నానని ఫోన్ చేసినప్పుడల్లా మల్లయ్య చెప్పేవాడు. "నువ్వు అడ్డం పడకుంటే... ఈపాటికి మూడేళ్లకు కట్టేస్తుంటి" అని దెప్పేవాడు కూడా.

మా దగ్గర కందులు కోసే రోజులు వచ్చాయి. ఇక్కడ ఆకాశంలో మబ్బు తునక లేదు. అక్కడ వాన పట్టుకుంది. పట్టుకుందంటే వదల్లేదు. గోడలు చెమర్చాయి, పరుపు నానింది, ఇంట్లో ముక్కిపోయిన వాసన నిండింది. మల్లయ్యకు ఆయాసం తిరగబెట్టింది. ఫోన్లో ఆయన గొంతు వినిపించడం మానేసింది, యాదమ్మ ఒక్కతే మాట్లాడేది. ఒకనాడు పొద్దున్నే మడుగు పొంగి గడప దాటి ఇంట్లోకి వచ్చింది.

సెల్వం, వాడలోని జాలరులు మోకాలి లోతు నీళ్లలో వచ్చారు. మల్లయ్యను కుర్చీతో సహా ఎత్తుకుని మిట్ట మీద సెల్వం ఇంటికి చేర్చారు. అక్కడి నుంచి యాదమ్మ ఫోన్ చేసింది.

"నీళ్లొచ్చినయి అక్కా" అంది. వెంటనే ఏడ్చేసింది.

ఈ మనిషి వెనక్కు వస్తే మళ్లీ ఆ దుమ్ములోకే రావాలి. అక్కడే ఉంటే ఆ తడిలో ఏమవుతాడో తెలియదు. అంతవరకూ కుర్చీలో వింటూ కూర్చున్న గౌస్ భాయ్ నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "మల్లయ్యా, ఫికర్ చెయ్యకు. ఇద్దరు వాపస్ వచ్చేయుండ్రి. టికెట్లు నాయి, నువ్వు ఒక్క పైస పెట్టకు" అని అరిచాడు. ఆయన ఉచితంగా టికెట్ ఇస్తాననడం నేను విన్నది జన్మలో అదొక్కసారే.

ఫోన్ మల్లయ్య తీసుకున్నాడు. చాలాసేపు ఊపిరి చప్పుడే వినిపించింది.

"రాను భాయ్" అన్నాడు. "వచ్చుడు... లేనే లేదు. గీ మిట్ట మీద... ఇసుక నీళ్లన్ని తాగుతున్నది. ఇల్లు పొడిగున్నది. గాలి... గాలి మంచిగున్నది. సుజాతమ్మకు చెప్పు. పైసలు సంచిలనే ఉన్నయి. గా మిట్ట మీది ఇల్లు... మాట్లాడుమను."

నేను అప్పుడు ఏడ్చాను. దాచుకోవాల్సిన అవసరం ఏముంది? నేను ఆ రోజు అందరితో తిట్లు తిని కాపాడిన డబ్బు, ఒక మనిషి నిలబడటానికి అక్కరకొచ్చింది. వానల్లోనే సెల్వం బేరం మాట్లాడాడు. ఎండుచేపల వాసన వేసే ఆ ఇంట్లోకి వాళ్లు మారిపోయారు. గౌస్ భాయ్ ఆ సాయంత్రం ఆఫీసులో అందరికీ హలీం తెప్పించాడు. "బేరం చెడగొట్టినందుకు" అన్నాడు నాతో.

పిల్లలూ, ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మనం పుట్టిన నేల మన కళ్లకు అద్దాలు తొడుగుతుంది. కొత్త దేశంలో ఇల్లు చూసేటప్పుడు ఆ అద్దాలు తీయలేం, తీసినా ఏమీ కనిపించదు. కాబట్టి ఆ ఊరివాళ్లు ఎక్కడ ఇళ్లు కట్టుకున్నారో చూడండి. వాళ్లు వదిలేసిన జాగా ఎంత పచ్చగా ఉన్నా మీరు పట్టుకోకండి. ఆ నేల మీద ఒక వానకాలం గడవకుండా మీ మనిషి చేత పెద్ద మొత్తం కట్టనివ్వకండి, ఆయన మిమ్మల్ని ఎన్ని తిట్టినా సరే.

తాడు

ఎండాకాలం మొదట్లో ఇంకో కుటుంబానికి ఇల్లు చూడటానికి ఆ ఊరికి మళ్లీ వెళ్లాను. బస్సు దిగి మిట్ట ఎక్కేసరికి నాకే ఆయాసం వచ్చింది. ఇంటి ముందు యాదమ్మ చింతపండు పిసుకుతోంది. పక్కింటి ఇల్లాలు ఎదురుగా కూర్చుని చేపలు కోస్తోంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ ఆపకుండా మాట్లాడుకుంటున్నారు.

"అన్న ఏడి?" అన్నాను.

"ఇను" అంది యాదమ్మ, చెయ్యి కడుక్కుంటూ.

ఒడ్డు వైపు నుంచి పెద్ద కేక వినిపించింది. మా వైపు గొర్రెల మందను గుట్ట మీద నుంచి మళ్లించేటప్పుడు కురుమలు వేసే కేక అది. చిన్నప్పుడు ఎన్నోసార్లు విన్నదే. సముద్రం పక్కన వింటానని ఎప్పుడూ అనుకోలేదు.

ఇద్దరం ఒడ్డుకు నడిచాం. జాలరులు రెండు వరసలుగా నిలబడి సముద్రంలోంచి పెద్ద వలను లాగుతున్నారు. అలాంటి వల లాగేటప్పుడు ఒక మనిషి గొంతెత్తి కేక ఇవ్వాలి, మిగతావాళ్లు ఆ కేకకు అడుగు కలపాలి. కేక ఎంత పొడుగ్గా సాగితే అంత తాడు వస్తుంది. వాళ్లందరికీ ముందు ఇసుకలో కాళ్లు పాతుకుని, లుంగీ మడిచి కట్టి, మల్లయ్య నిలబడి ఉన్నాడు.

"గుంజు బిడ్డో... గుంజూ... ఓ... ఓ... ఓ!"

వాళ్లకు తెలుగు రాదు. అందరూ ఒక్క గొంతుతో బదులిచ్చి లాగారు. ఆయన మళ్లీ ఎత్తుకున్నాడు. ఇంకా పొడుగ్గా, ఎక్కడా తెగకుండా. ఆ కేక ఎప్పుడు ఆగుతుందా అని నేను ఊపిరి బిగబట్టి చూశాను. నా ఊపిరే ముందు అయిపోయింది.

మల్లయ్య నన్ను చూశాడు. చూసినా కేక ఆపలేదు. "చెల్లె వచ్చింది, ఇంకింత గుంజుండ్రో!" అని ఆ పాటలోనే కలిపేశాడు. వరసలో నన్ను ఎరిగిన సెల్వం ఒక్కడికే సంగతి అర్థమై పగలబడి నవ్వాడు.

నేను చెప్పులు ఇసుకలో వదిలేసి వెళ్లి తాడు పట్టుకున్నాను. నా వెనక యాదమ్మ కూడా కొంగు బిగించి పట్టుకుంది. తడి తాడుకు అరచేతులు మండాయి. మల్లయ్య కేక వేశాడు, అందరం లాగాం.